జర్మనీలో స్త్రీల ఓటు హక్కు: మీ కాలక్రమం ఎక్కడ తప్పింది

జర్మనీ కొత్త రాజ్యాంగం 1919 ఆగస్టు 11న వస్తే, స్త్రీలు అదే ఏడాది జనవరి 19న ఓటెలా వేశారన్న మీ చిక్కుకు కారణం, మీరు రాసిన కాలక్రమం చక్రవర్తి పాలనలోని సామ్రాజ్యం నుంచి నేరుగా రాజ్యాంగానికి వెళ్లిపోవడమే.

1. చాలామంది వదిలేసేది 1918 నవంబరు 12 నాటి ప్రజాప్రతినిధుల మండలి (విప్లవంలో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం) ప్రకటన. చక్రవర్తి పదవీత్యాగం వెల్లడైన మూడు రోజులకే వెలువడిన ఆ ప్రకటన, 20 ఏళ్లు నిండిన స్త్రీపురుషులందరికీ ఓటు ఇవ్వడమే కాక, ఇంటి పనివారిని యజమానుల అదుపులో ఉంచిన పాత సేవక చట్టాలనూ రద్దు చేసింది. ఈ రెండోది కూడా అంతే పెద్ద మార్పు, తప్పక రాయండి.

2. తర్వాత 1919 జనవరి 19న రాజ్యాంగం రాసే జాతీయ సభకు ఎన్నికలు; ఫిబ్రవరి 19న ఆ సభలో మారీ యూహాచ్ ప్రసంగం, జర్మన్ పార్లమెంటులో ఒక మహిళా సభ్యురాలి తొలి ప్రసంగం.

3. రాజ్యాంగపు 109వ అధికరణం స్త్రీపురుషుల సమానత్వాన్ని సూత్రప్రాయంగానే చెప్పింది. దాంపత్య విషయాల్లో నిర్ణయం భర్తదేనన్న 1900 నాటి పౌరస్మృతి అలాగే కొనసాగింది.