ఈపీడీఎం గాస్కెట్లకి పెరాక్సైడు వాడబోతున్న అల్లుడికి

అల్లుడూ, ఆశీస్సులు.

రొయ్యల ప్లాంట్ల ఆవిరి లైన్లకి ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు గాస్కెట్లు (పైపు జాయింట్ల మధ్య బిగించే సీళ్లు) సల్ఫర్‌కి బదులు పెరాక్సైడుతో క్యూర్ చేస్తానన్నావు, అంటే వేడిమీద రబ్బరు గొలుసుల్ని ముడివేసి గట్టిపరుస్తానన్నావు. సరైన నిర్ణయం. సల్ఫర్‌తో క్యూర్ చేసిన గాస్కెట్ వేడికి అణగిపోయే చోట ఇది బిగువుగా నిలబడుతుంది. కాకపోతే సల్ఫర్ పని అలవాట్లు ఇక్కడ పనికిరావు.

పది కిలోల రబ్బరుకి ఎఫ్‌ఈఎఫ్ బ్లాకు (రబ్బరుకి బలమిచ్చే కార్బన్ మసి) 6 కిలోలు, పారఫినిక్ ఆయిల్ కిలోన్నర, జింక్ ఆక్సైడ్ 500 గ్రాములు, టీఎంక్యూ (రబ్బరు పాడవకుండా కాపాడేది) 100 గ్రాములు, టీఏసీ (పెరాక్సైడుకి తోడుగా వేసేది) 150 గ్రాములు, నలభై శాతం డీసీపీ (డైక్యుమిల్ పెరాక్సైడు, మన పెరాక్సైడు ఇదే) ఉన్న పొడి 700 గ్రాములు. దీంతో మొదలుపెట్టు. ఆయిల్ చవగ్గా దొరికిందని ఆరోమాటిక్ పోయొద్దు. డీసీపీ విడిపోయి రబ్బరు గొలుసు నుంచి హైడ్రోజన్ లాగాలి, అప్పుడే రెండు గొలుసులు కలుస్తాయి. ఆరోమాటిక్ ఆయిల్ తన హైడ్రోజన్‌నే ముందు ఇచ్చేసి డీసీపీని తినేస్తుంది. ఆమ్లగుణమున్న చైనా క్లే (ఫిల్లర్‌గా వేసే తెల్లమట్టి) ఇంకా చెడ్డది, డీసీపీని పనికిరాని దారిలో విరగ్గొడుతుంది. గాస్కెట్ మెత్తగా వచ్చిందంటే టైము పెంచే ముందు ఈ రెండూ చూసుకో.

డీసీపీ ఆఖర్న, మిగతావన్నీ కలిపి చల్లారిన ముద్దలోనే (మాస్టర్‌బ్యాచ్) వెయ్యి. రబ్బరు కలిపే రోలర్ల మిల్లు మీద ముద్ద వేడి 100 డిగ్రీలు దాటనివ్వకు. మన నెల్లూరు రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్లే కాగిపోతాయి, వాటితో రోలరు ఏం చల్లబడుతుంది? తెల్లవారుజామునే కలుపు. షీట్లు వేడిమీద ఒకదానిపై ఒకటి పేర్చకు.

ప్రెస్సు 170 దగ్గర పలుచని గాస్కెట్‌కి 12 నిమిషాలు. 160కి దించితే అరగంట పడుతుంది, పది డిగ్రీలే కదా అనుకోకు. మొదట్లోనే రెండు మూడుసార్లు బంపింగ్ ఇచ్చి, అంటే ప్రెస్సు కాస్త తెరిచి మూసి, గాలి తీసెయ్యి. గాలి తగిలినచోట క్యూర్ ఆగిపోయి అంచు వేలికి జిగురుగా అంటుకుంటుంది, గోటితో గీస్తే చారలా లేచి వస్తుంది. అందుకే వేడిగాలి ఓవెన్‌లో క్యూర్ చేసే ఆలోచన పెట్టుకోకు. ఇంకో సంగతి, పెరాక్సైడు సరుకు వేడిమీద తేలిగ్గా చిరుగుతుంది. మోల్డులోంచి ఒక మూల పట్టి లాగకు, చుట్టూ వదులు చేసి తియ్యి.

డీసీపీ డబ్బాని రేకుల షెడ్డులో ఉంచొద్దు. శుద్ధమైన డీసీపీ 39 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండ దాన్ని దాటుతుంది. 30 లోపు ఉండే గదిలో, యాక్సిలరేటర్లకీ (సల్ఫర్ క్యూర్‌ని వేగపరిచే రసాయనాలు) ఆమ్లాలకీ తుప్పుకీ దూరంగా పెట్టు. కిందపడిన పొడిని రంపపు పొట్టుతో ఊడ్చకు, తిరిగి డబ్బాలో పొయ్యకు.

మీ మామయ్య