సీడ్ ఒకటే, చెరువులే వేరు

పాఠకుల ప్రశ్నలకు గుంటూరు ఆక్వా ల్యాబ్ నుంచి జవాబులు

ప్రశ్న: మేడం గారూ, నమస్కారం. ఉండేది గుంటూరు అరండల్‌పేటలో. నిజాంపట్నం వైపు ఎకరం చొప్పున రెండు చెరువులు లీజుకు చేస్తున్నాను. ఒకే హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రం) నుంచి వనామీ రొయ్య సీడ్, ఒకే రోజు, చెరువుకు లక్ష పిల్ల వేశాను. మొదటి చెరువుకు కాలవ ఉప్పునీరు, సెలైనిటీ 14 (లీటరు నీటికి 14 గ్రాముల ఉప్పు). రెండోదానికి కాలవ అందక బోరు నీళ్లు పెట్టాను, సెలైనిటీ 4. 70 రోజులకు మొదటిది 60 కౌంట్‌కు (కిలోకు 60 రొయ్యలు) వచ్చింది. రెండోది 110 దగ్గరే ఆగిపోయింది, అందులోనూ చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి. హేచరీ వాళ్లను అడిగితే ‘మాది ఎస్‌పీఎఫ్ (ఫలానా జబ్బులు లేని తల్లుల పిల్ల), ఫాస్ట్ గ్రోత్ లైన్ (త్వరగా ఎదిగే వంశం), తేడా మీ చెరువులోనే’ అంటున్నారు. పక్క రైతేమో ఏ సీడయినా ఒకటే, ఈసారి తక్కువ రేటుది వేద్దాం అంటున్నాడు. తప్పు సీడ్‌దా, చెరువుదా? — ఎస్., గుంటూరు

జవాబు: అన్నయ్య గారూ, సెలైనిటీ రాసి పంపారు, సంతోషం. మేత ఎన్ని టన్నులు పోశారో రాసేవాళ్లే గానీ నీళ్ల సంగతి రాసేవాళ్లు తక్కువ. జవాబు సగం అక్కడే ఉంది.

ముందు ఒక పని చేయండి. రెండో చెరువులో చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) లేపి ఓ రొయ్యను అరచేతిలో పెట్టుకుని వెలుగుకు పట్టి చూడండి. వీపు మీద పేగు గీత తల నుంచి తోక దాకా నిండుగా ఉందా, మధ్యమధ్యలో తెగి ఉందా? తోక కండ అద్దంలా కనపడుతోందా, ఉడికినట్టు తెల్లగా అయిందా? చేతిలో ఎగిరి వంకర తిరిగిన రొయ్య మళ్లీ సాగుతోందా, అలాగే బిగుసుకుపోతోందా? కండ తెల్లబడి, వంకర తిరిగింది తిరిగినట్టే ఉండిపోతే ఖనిజాలు చాలడం లేదనుకోండి. ట్రేలో తెల్లటి దారాల్లాంటి రెట్ట కనపడితే ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను ఆపేసే సూక్ష్మ పరాన్నజీవి) అనుమానించాలి. చిన్నా పెద్దా కలిసిపోవడం కూడా దాని లక్షణమే. అయితే ఈహెచ్‌పీ ఉప్పు ఎక్కువున్న నీళ్లలోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది కాబట్టి నా మొదటి అనుమానం ఖనిజాల మీదే. అయినా ఊహతో మందులు కొనొద్దు. రెండు చెరువుల రొయ్యలకూ పీసీఆర్ (జబ్బు క్రిమిని దాని జన్యువుతో పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించండి. రెండింట్లోనూ ఈహెచ్‌పీ తేలితే అది సీడ్‌తోనే వచ్చి ఉండొచ్చు. రెండోదాంట్లోనే తేలితే పాత మట్టిలోనే ఉందని నేనంటాను. ఈహెచ్‌పీకి మందంటూ లేదు, ఎవరైనా అమ్మినా కొనకండి. పట్టుబడి అయ్యాక చెరువు బాగా ఎండబెట్టి, ఎకరానికి సుమారు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం దున్ని కలిపి, తడిపి, మట్టి పీహెచ్ 12 దాకా లేపాలి. మామూలు సున్నపురాయి పొడితో అంత పీహెచ్ రాదు.

ఇక ఖనిజాలు. సెలైనిటీ మీటర్ ఉప్పు ఎంతో చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. సముద్రపు నీటి లెక్క ప్రకారం సెలైనిటీ 4 ఉన్న నీళ్లలో పొటాషియం 43 పీపీఎం (లీటరుకు 43 మిల్లీగ్రాములు), మెగ్నీషియం 155 పీపీఎం దాకా ఉండాలి. బోరు నీళ్లలో కాల్షియం బాగానే ఉంటుంది, పొటాషియమే సాధారణంగా చాలా తక్కువ. ఒంట్లో ఉప్పు సమం చేసుకోవడానికే రొయ్య శక్తంతా ఖర్చయితే ఎదిగేదెప్పుడు? నాలుగడుగుల నీళ్లున్న ఎకరం చెరువులో పొటాషియం 10 పీపీఎం పెంచాలంటే ఎంఓపీ 100 కిలోలు, అంటే రెండు బస్తాలు పడుతుంది. పొలానికి వేసే పొటాషే. కొంత మట్టి లాగేసుకుంటుంది కాబట్టి వేశాక మళ్లీ నీళ్లు పరీక్ష చేయించాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కన్నా దిగకుండా ఏరేటర్లు తిప్పండి. కరెంటు బిల్లు చూసి ఆ గంటల్లో మాత్రం ఆపొద్దు.

హేచరీ వాళ్ల మాటలో నిజం ఉంది, కానీ సగమే. వనామీ మన రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరానిది. 2009లో మన దేశానికి అనుమతిచ్చారు. తల్లి రొయ్యలు విమానంలో చెన్నై వచ్చి, నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాకే హేచరీలకు వెళ్తాయి. బ్రీడింగ్ కేంద్రాల్లో ఎన్నో కుటుంబాలను విడివిడిగా పెంచి, కండలో రంగు గుర్తులు పెట్టి, ఏ కుటుంబం బాగా ఎదిగిందో చూసి తర్వాతి తరానికి తల్లిదండ్రులను ఏరుతారు. ఆ ఏరివేత వాళ్ల నీళ్లలో, వాళ్ల మేత మీద జరుగుతుంది. అక్కడ మొదటి వరుసలో నిలిచిన కుటుంబం మీ బోరు నీళ్లలోనూ మొదటే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇంకొకటి, ఎస్‌పీఎఫ్ అంటే జాబితాలో ఉన్న జబ్బులు ఆ తల్లుల్లో లేవని మాత్రమే. జబ్బు వస్తే తట్టుకుంటుందని కాదు. తట్టుకునే గుణం కోసం విడిగా ఏరాలి, అది ఊరికే రాదు. 1990ల్లో అమెరికా ఖండాల్లో టౌరా వైరస్ చెరువులను ఊడ్చేసినప్పుడు తట్టుకునే కుటుంబాలను ఏరి పెంచితే, తట్టుకునే గుణానికీ ఎదుగుదలకూ పొసగలేదు. అందుకని ఎవరైనా ‘అన్నీ ఉన్న లైన్’ అంటే కాస్త ఆగి వివరాలు అడగండి.

తక్కువ రేటు సీడ్ మాత్రం వద్దు, గట్టిగా చెబుతున్నాను. చాలాచోట్ల అది చెరువులో పెరిగిన రొయ్యల్నే తల్లులుగా వాడి తీసిన పిల్ల. మన గుంటూరు జిల్లాలో హైబ్రిడ్ మిరప వేసిన రైతు ఆ కాయలో విత్తనం దాచి మరుసటేడు చల్లుకోడు కదా, ఇదీ అంతే. పైగా ఇక్కడ అన్నాచెల్లెళ్లకే జత కట్టించినట్టవుతుంది. తరం తరానికీ ఎదుగుదలా, బతికే శాతమూ పడిపోతాయి. చెరువులో ఉన్న జబ్బు కూడా తల్లితోపాటే హేచరీకి వెళ్తుంది.

ప్రశ్న: మూణ్నాలుగు నెలల్లో రొయ్య అంత అవుతుందంటే హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారని మా అపార్ట్‌మెంట్‌లో అంటున్నారు. పిల్లలకు పెట్టొచ్చా అండీ? — ఓ గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ఎకరానికి లక్ష రొయ్యలుంటే ఎవరు పట్టుకుని ఇంజెక్షన్ వేస్తారు? ఆ టెన్షన్ వద్దు. మన నీళ్లు 28 నుంచి 32 డిగ్రీల వెచ్చదనంలో ఉంటాయి, పైగా బాగా ఎదిగేవాటిని తరాల తరబడి ఏరుకుంటూ వచ్చారు. జన్యువులు మార్చిన రొయ్య కూడా కాదు. హార్మోన్ మాట ఒక్కచోట నిజం: హేచరీలో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని ఒక కంటి కాడ తీసేస్తారు, అండాశయాన్ని ఆపి ఉంచే హార్మోన్ అక్కడ తయారవుతుంది కాబట్టి. నాకు ఈ పద్ధతి నచ్చదు, మానేయాలనే కోరుకుంటాను. మీరు తినే రొయ్యలో మాత్రం దానివల్ల చేరేదేమీ లేదు.

అడగాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వాలో నిషేధం. తెలిసిన చోట కొనండి. తల గట్టిగా అతుక్కుని ఉండాలి, అమ్మోనియా వాసన రాకూడదు. పిల్లలకు మొదటిసారి పెడితే కొంచెమే పెట్టి చూడండి, రొయ్య అలర్జీ కొందరికి నిజంగానే ఉంటుంది.

ప్రశ్న: వనామీ వదిలేసి మళ్లీ టైగర్ రొయ్య వేయొచ్చా? మా చెరువు సెలైనిటీ 6. — ఆర్., రేపల్లె

జవాబు: 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్‌ను దెబ్బతీసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో తల్లులను సముద్రంలో పట్టి తెచ్చేవాళ్లు, వైరస్ వాటితోనే వచ్చేది. ఇప్పుడు ఎస్‌పీఎఫ్ టైగర్ సీడ్ దొరుకుతోంది, ఆ భయం కొంత తగ్గింది. కానీ టైగర్‌కు 10 నుంచి 25 సెలైనిటీ అనుకూలం, పిల్ల కూడా వనామీ కన్నా పల్చగా వేయాలి. మీ నీళ్లకు నేనైతే వద్దంటాను. కాలవ ఉప్పునీరు తోడుకునే వీలుంటే, కలిపి పది దాటించాక మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడదాం.