సారా ఉప్పీ దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

బూన్ వంశం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. కెంటకీ అడవులకు జనాన్ని నడిపించిన అమెరికన్ అన్వేషకుడు డేనియల్ బూన్ పుట్టిన చోటు నువ్వుండే ఊరికి దగ్గరేనని, ఆ ఇల్లు చూసొచ్చిన రాత్రే రాయడం మొదలుపెట్టానని అన్నావు. ఆ వేడి ప్రతి పేజీలోనూ తగిలింది. అది ఉంది కాబట్టే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నీ మొదటి రెండు పేజీలూ తీసెయ్. బూన్‌లు నార్మన్ ప్రభువులైన బోహున్‌ల సంతతి అని మొదలుపెట్టావు. బోహున్‌ల ప్రధాన శాఖ మగబిడ్డ లేక 1373లోనే ఆగిపోయింది. డేనియల్ తాత జార్జి పుట్టింది 1666లో. మధ్యలో దాదాపు 300 ఏళ్లు ఉంటే, నువ్వు ఒక్క ‘కాలక్రమంలో’ అనే మాటతో దాటేశావు. ఈ రెండు పేర్లనూ కలుపుతున్నది ఒక్క ఉచ్చారణే. అడవులు కొట్టుకుని బతికిన కుటుంబాలు రెండు మూడు తరాలు నిలదొక్కుకున్నాక, ఇంగ్లండ్‌లో తమకో కోట ఉండి ఉండాలని ఆశపడ్డాయి. ఆ ఆశ మీద వ్యాపారం చేసినవాళ్లూ ఉన్నారు. గుస్తావ్ అంజూ అనే ఆయన డబ్బు తీసుకుని అమెరికన్ కుటుంబాలకు కల్పిత వంశవృక్షాలు అల్లి ఇచ్చాడు. ఆయన రాసినవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. నీకు దొరికిన బోహున్ చెట్టు ఎవరు నాటిందో అడిగావా?

ఇప్పుడు నీ ఆరో పేజీకి వస్తాను. 1788 మార్చి 21న డేనియల్ పినతండ్రి కొడుకు జేమ్స్ బూన్ రాసిపెట్టిన కుటుంబ చరిత్రను అక్కడ రెండు వాక్యాల్లో ముగించావు. నీ దగ్గరున్న బంగారం అదే. పెదనాన్న జాన్ బూన్‌కు తెలిసినంతవరకే అని ముందే చెప్పుకుని మరీ రాశాడాయన. వరసగా వచ్చిన ముగ్గురు జార్జిల్లో మొదటివాడి గురించి ఇంగ్లండ్‌లో పుట్టాడన్న మాట తప్ప దాదాపు ఏమీ లేదు. రెండో జార్జి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ ప్రాంతంవాడు, కమ్మరి. అతని భార్య సారా ఉప్పీ. ఆమె 80 ఏళ్లు బతికిందని, ఏనాడూ ఎముక నొప్పి ఎరగదని, ఒక్క పన్ను కూడా పుచ్చలేదని రాశాడు. ఆలోచించి చూడు. ఆ ముసలమ్మ పళ్ల సంగతి మనవలు చెప్పుకున్నారు, సముద్రం దాటించారు, ఎన్నో ఏళ్లు పోయాక ఒకడు కాగితం మీద పెట్టాడు. ఏ ప్రభువు కత్తి కన్నా ఆ పళ్లే నాకు ఆ ఇంటిని దగ్గర చేశాయి.

మూడో జార్జి, అంటే డేనియల్ తాత, నేతగాడు. ఎక్సెటర్ ఉన్న డెవన్ కౌంటీలోని బ్రాడ్నించ్‌లో మేరీ మాగ్రిడ్జ్‌ను పెళ్లాడి అక్కడే మగ్గం పెట్టుకున్నాడు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో కలిశాడు. 1713 ప్రాంతంలో ముగ్గురు పిల్లల్ని ముందుగా పెన్సిల్వేనియా పంపాడు. తర్వాత 1717 ఆగస్టు 17న ఇల్లు వదిలి, బ్రిస్టల్‌లో ఓడ ఎక్కి, సెప్టెంబర్ 29న ఫిలడెల్ఫియాలో దిగాడు. కొత్త క్యాలెండర్ ప్రకారం అయితే అక్టోబర్ 10. ఇక్కడ చాలామంది తడబడతారు. 1752లో ఇంగ్లండ్ క్యాలెండర్ మార్చుకునేదాకా క్వేకర్లకు మొదటి నెల మార్చి. డేనియల్ పుట్టుక రిజిస్టర్‌లో ఎనిమిదో నెల 22 అని చూసి నువ్వు ఆగస్టు అని రాశావు. అది అక్టోబర్.

ఇంకో పొరపాటు చూసి మనసు చివుక్కుమంది. డేనియల్ తండ్రి, మూడో జార్జి కొడుకు అయిన స్క్వైర్‌ను ‘భూస్వామి బూన్’ అన్నావు. ఇంగ్లిష్‌లో స్క్వైర్ అంటే భూస్వామి అనే అర్థం ఉన్నా, ఇక్కడ అది అతని హోదా కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరు. అతనూ మగ్గం, కొలిమి నమ్ముకున్నవాడే. బ్రాడ్నించ్‌లో 1696లో పుట్టాడు. ఇద్దరు బిడ్డలు క్వేకర్లు కానివాళ్లను పెళ్లాడారు. రెండో పెళ్లి విషయంలో తాను తప్పు చేశానని ఒప్పుకోనందుకు 1748లో సంఘం అతన్ని వెలివేసింది. 1750లో కుటుంబమంతా దక్షిణానికి, కరొలైనాకు కదిలింది. ఆ తర్వాతి కెంటకీ కథ అందరికీ తెలుసు, క్లుప్తంగా చెప్పు.

పేర్ల విషయంలో నేనూ దెబ్బతిన్నాను. నా ముప్పయ్యో ఏట మా ఊరి ఒక ఇంటి చరిత్ర రాస్తూ, తాత పేరే పెట్టుకున్న మనవణ్ణీ తాతనూ ఒకే మనిషిగా రాసేశాను. అచ్చయ్యాక ఆ ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి, ‘మా ఆయన ఎక్కడ నాయనా?’ అని అడిగింది. జార్జి తర్వాత జార్జి వచ్చే ఈ ఇంట్లో నీకూ అదే ప్రమాదం. ప్రతి జార్జి పక్కన అతని భార్య పేరు, వృత్తి రాసుకో.

ఎప్పుడూ ఇటు అమెరికా నుంచి అటు ఇంగ్లండ్‌కు వెళ్లు. పెన్సిల్వేనియాలోని గ్వినెడ్ క్వేకర్ సంఘం మినిట్స్‌లో, అంటే సమావేశాల రికార్డులో, డెవన్‌లోని కల్లంప్టన్ సంఘం ఇచ్చిన యోగ్యతాపత్రాన్ని జార్జి చూపించినట్టు ఉంది. సముద్రానికి ఇవతలి మనిషినీ అవతలి మనిషినీ కలిపేది అలాంటి కాగితమే. అక్కణ్ణుంచి డెవన్ చర్చి రిజిస్టర్లకు వెళ్లు. ఇంగ్లండ్‌లో వాటిని రాయమని ఆజ్ఞ వచ్చింది 1538లో. కానీ 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 దాకా చాలాచోట్ల ఖాళీలున్నాయి. పోనీ వీలునామాలు చూద్దామంటే, ఎక్సెటర్‌లో దాచిన డెవన్ వీలునామాల్లో చాలా భాగం 1942 మేలో జర్మన్ బాంబులకు కాలిపోయాయి. ఆ మంటల గురించే ఒక పేరా రాయి. ఒక్క రాత్రిలో వేల ఇళ్ల తాతలు మాటలేనివాళ్లయిపోయారు. ఆ ఖాళీని ఖాళీగానే చూపించు. చదివేవాళ్లు నిన్ను నమ్మడం అక్కడే మొదలవుతుంది.

అలాగని వెతకడంలోనే ఉండిపోకు. లైమన్ డ్రేపర్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఊరూరూ తిరిగి బూన్‌ల గురించి, సరిహద్దు కుటుంబాల గురించి జీవితమంతా సేకరించాడు. 1851లో డేనియల్ కొడుకు నేథన్ ఇంటికే వెళ్లి, ఆయన చెప్పిందంతా రాసుకున్నాడు. డ్రేపర్ కాగితాలు దాదాపు 500 సంపుటాలు. బూన్ జీవితచరిత్ర మాత్రం పూర్తికాకుండానే 1891లో పోయాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడో జార్జి 1744లో పోయేనాటికి పిల్లలు 8 మంది, మనవలు 52 మంది, మునిమనవలు 10 మంది, మొత్తం 70. బైబిల్లో యాకోబుతో ఈజిప్టుకు వెళ్లిన ఇంటివారు కూడా ఇంతేనని జేమ్స్ రాసుకున్నాడు. ఆ పోలికలో ఎంత మురిపెం ఉందో చూడు! దాన్ని నీ వ్యాసం చివర్లో వాడుకో. మొదట్లో సారా ఉప్పీని కూర్చోబెట్టు. సంక్రాంతికి ముందే కొత్త ప్రతి పంపితే, పండగ పనుల్లో పడకముందే చదివేస్తాను.

ఆశీస్సులతో,
నీ మేష్టారు