టీవీ వెనక, బల్ల కింద వైర్ల గోల: నేను పడ్డ పాట్లు

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లు కళ్లముందు కనపడింది. టీవీ వెనకా కంప్యూటర్ బల్ల కిందా వైర్లు పాముల పుట్టలా ఉన్నాయి, అద్దె ఇల్లు కాబట్టి గోడ తొలిచే వీల్లేదు, వీటన్నిటినీ ఎలా దాచాలి అన్నారు. ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేజేతులా చెడగొట్టుకున్నాను. మీరూ నాలాగే 'దాచడం' దగ్గరే మొదలుపెట్టారు కాబట్టి ఆ సంగతే ముందు చెప్తాను.

అప్పట్లో నా ధ్యాసంతా కంటికి కనపడకుండా చెయ్యడం మీదే. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, ఎక్స్‌టెన్షన్ బోర్డు, నాలుగు అడాప్టర్లు, మిగిలిపోయిన వైరంతా చుట్టలు చుట్టి అందులో కుక్కి మూత బిగించేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. చలి మొదలయ్యాక గోడ ప్లగ్గు దూరంగా ఉందని రూమ్ హీటర్ కూడా అదే బోర్డుకి తగిలించాను. రెండో రాత్రే గదిలో ప్లాస్టిక్ కాలుతున్న వాసన. మెయిన్ ఆపి మూత తీస్తే లోపల్నుంచి సెగ కొట్టింది. బోర్డు వైరు చుట్టలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే తప్పు నాదేనని అర్థమైంది. వైరులో కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. పొడుగ్గా పరిచిన వైరు ఆ వేడిని గాలికి వదిలేస్తుంది. చుట్ట చుడితే లోపలి చుట్లకు గాలి ఆడదు, వేడి అక్కడే పేరుకుంటుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారుచేస్తారు. రీలు మీద చుట్టి అమ్మే ఎక్స్‌టెన్షన్లను ఎప్పుడైనా గమనించారా? చాలావాటి మీద రెండు అంకెలుంటాయి, పూర్తిగా విప్పితే ఇన్ని వాట్లు, చుట్టి ఉంటే ఇన్ని వాట్లు అని. రెండోది బాగా తక్కువ. ఆ అంకెలు అన్నేళ్లుగా చూస్తున్నా అవి నాకోసమే రాశారని ఎప్పుడూ తట్టలేదు.

అలాగని డబ్బాలు వాడొద్దని కాదు. నా బోర్డు మీద టీవీకి 100 వాట్లు, రౌటర్‌కి 10, ఫోన్ ఛార్జర్‌కి 20. ఇవన్నీ కలిపినా వైరు గోరువెచ్చగా కూడా అవదు. హీటర్ ఒక్కటే 2000. కాబట్టి హీటర్, ఇస్త్రీపెట్టె లాంటివి నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. తక్కువ కరెంటు లాగేవి డబ్బాలో ఉండొచ్చు, కానీ పక్కల చిల్లులుండాలి, అడాప్టర్లు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో బోర్డు తగిలించొద్దు. తివాచీ కింద వైరు దూర్చొద్దు. తొక్కుడుకి తొడుగు చిట్లినా పైకి తెలీదు.

ఇక రెండోసారి. ఈసారి ముందు ఫోటోలు తీసుకుని, అన్నీ పీకి నేల మీద పరిచాను. నవ్వొచ్చే విషయం ఏంటంటే అందులో ఐదు వైర్లకి ఒక చివర బోర్డులో ఉంది, రెండో చివర దేనికీ తగిలించి లేదు. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్‌ది ఒకటి, ఎవరిదో తెలియని ఛార్జర్ ఒకటి. కొన్నాళ్లుగా వాటి మీది దుమ్ము కూడా శ్రద్ధగా తుడుస్తూ వచ్చాను! అవి పోగానే సమస్య సగానికి దిగింది. మిగిలిన వాటికి రెండు చివర్లా కాగితం టేపు జెండాలా అతికించి పేరు రాశాను. ప్లగ్గు దగ్గర ఒక్కచోటే రాస్తే చాలదు. బల్ల కింద దూరి వెతికేటప్పుడు మీ చేతికి ఏ చివర దొరుకుతుందో చెప్పలేం.

ఆ తర్వాత చేసిన పనే నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చింది. బోర్డుని నేల మీంచి లేపి బల్ల పలక అడుగున బిగించాను. చాలా బోర్డుల వెనక స్క్రూలకి తగిలించుకునే తాళంచెవి దూర్చే కన్నం ఆకారంలో రంధ్రాలు రెండుంటాయి. వాటి మధ్య దూరం కొలవబోతే ప్రతిసారీ తప్పుతుంది. బోర్డు వెనక తెల్లకాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి, రంధ్రాల అచ్చు పడుతుంది. ఆ కాగితాన్ని బల్ల అడుగున అతికించి గుర్తుల మీదే స్క్రూలు దించడమే. స్క్రూ పొడుగు పలక మందం కన్నా తక్కువుండేలా చూసుకోండి, నేను చూసుకోక బల్ల మీద చిన్న బొడిపె తెచ్చుకున్నాను. బోర్డు పైకి వెళ్లాక అడాప్టర్లూ అక్కడే ఉండిపోతాయి, వాటి వైర్లూ అక్కడే. బల్ల నుంచి గోడకి వెళ్లేది ఒకే ఒక్క వైరు, దాన్ని బల్ల కాలి వెంట దించేస్తే చూసేవాళ్లకి కనపడదు. ముందు కూర్చుని చూస్తే దాచినట్టే ఉంటుంది, నిజానికి మీరు దాచింది ఏమీ లేదు, వంగి చూస్తే అన్నీ చేతికి అందుతాయి.

కట్టడానికి మొదటిసారి జిప్ టైలు వాడాను, పళ్లున్న ప్లాస్టిక్ ట్యాగులు. ఒక కేబుల్ మార్చాల్సొచ్చి ట్యాగు కోయబోతే కత్తి కేబుల్లోకే దిగింది. ఈ ట్యాగులు 1958లో విమానాల్లో వైర్ల కట్టలు బిగించడానికి పుట్టాయట. విమానంలో వైర్లు రోజూ మారవు. ఇంట్లో నెలకోసారి ఏదో ఒకటి పీకుతూనే ఉంటాం. అందుకని వెల్క్రో పట్టీలు, అంటే అదిమితే అంటుకుని లాగితే ఊడొచ్చేవి, తెచ్చుకోండి, వందసార్లు విప్పినా కట్టొచ్చు. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కి ఆ ఆలోచన 1941లో షికారుకెళ్లొచ్చాక బట్టలకీ కుక్క బొచ్చుకీ అంటుకున్న ముళ్లకాయల్ని చూస్తే వచ్చిందంటారు. కట్టేటప్పుడు కూడా మరీ బిగించకండి, వేలు దూరేంత సందుండాలి.

టీవీ దగ్గర మీకు కేసింగే దారి, అంటే గోడకి అతికించే మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టం. కొలిచిన దానికన్నా ఒక సైజు పెద్దది కొనండి, రేపు ఇంకో కేబుల్ వస్తుంది. అతికించే చోట గోడ తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, అతికించాక ఒక రోజు ఖాళీగా వదిలేసి అప్పుడు వైర్లు పెట్టాలి. నేను ఆగలేక వెంటనే పెట్టేస్తే తెల్లారేసరికి మొత్తం ఊడి కింద పడుంది. గోడ రంగే దానికీ వేస్తే పెద్దగా కంటికి ఆనదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లాగి పీకకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు వదులుతుంది, లేకపోతే సున్నం పెళ్లలు కూడా దాంతోనే వస్తాయి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ని, అంటే టీవీకి బొమ్మా శబ్దమూ తెచ్చేదాన్ని, టీవీ వెనక గోడకి అదిమి మడవకుండా, ఎల్ ఆకారం కనెక్టర్ వాడితే పోర్టు మీద బరువు పడదు.

రౌటర్‌ని దాచాలని సొరుగులో పెట్టకండి. నేను ఇనుప సొరుగులో పెట్టి, నెట్ ఎందుకు నత్తనడక నడుస్తోందని వారం రోజులు కంపెనీ వాళ్లని విసిగించాను. దాని వెనక సన్నటి ఫైబర్ కేబుల్, అంటే సిగ్నల్‌ని వెలుతురు రూపంలో మోసేది, ఉంటే గట్టిగా చుట్టకూడదు, మరీ చిన్న మలుపులో వెలుతురు బయటికి జారిపోయి సిగ్నల్ పడిపోతుంది. స్పీకర్లుంటే వాటి వైర్లని కరెంటు వైర్ల పక్కన కట్టకండి, గుయ్యిమనే చప్పుడు పట్టుకుంటుంది. ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

వాడని కేబుళ్లు దాచుకోవడానికి ఒక చిట్కా. మోచేతికి చుట్టే అలవాటుంటే మానేయండి, ప్రతి చుట్టుకీ లోపల ఒక మెలిక పడుతుంది, విప్పినప్పుడు అవే చిక్కులవుతాయి. స్టేజీ మీద మైకుల పని చేసేవాళ్లు ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు తిప్పి వెనకనుంచీ వేస్తారు. మెలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, విసిరితే తిన్నగా పరుచుకుంటుంది. రెండు రోజులు చెయ్యి మొరాయిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

ఛార్జర్ చివరలు బల్ల వెనక జారిపోకుండా కాగితాలకి పెట్టే బైండర్ క్లిప్పు అంచుకి తగిలించి, దాని తీగ చెవిలోంచి వైరు దూర్చితే చాలు. మంచం పక్క దీపం వైరు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ గోడ మీద కనపడుతూనే ఉంది. దాన్ని వదిలేశాను, ఎవరికీ అడ్డం రావట్లేదు.

మీ టీవీకీ స్విచ్ బోర్డుకీ మధ్య దూరం ఎంతో, టీవీ దగ్గర్నుంచి మొత్తం ఎన్ని కేబుళ్లు దిగుతాయో రాయండి. కేసింగ్ ఎంత వెడల్పుది తీసుకోవాలో, ఏ మూలనుంచి దించితే బావుంటుందో చెప్తాను.