బండిలో మనిషి ఏడీ?

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన నడక వ్యాసం రెండుసార్లు చదివాను. పదకొండు రోజులు తుఫాను గాలిలో, తోడుగా ఒక బండి. నడిచావని తెలుస్తూనే ఉంది. చదువుతున్న నేను మాత్రం ఎక్కడా తడవలేదు.

గాలి వచ్చిన ప్రతిచోటా "భీకరమైన", "ప్రచండమైన" అన్నావు. లెక్కపెట్టాను, ఏడుసార్లు. గాలిని ఎలా చెప్పాలో నావికులకి బాగా తెలుసు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నౌకాదళ అధికారి గాలి బలానికి అంకెలు వేశాడు. ఓడ ఎన్ని తెరచాపలు మోయగలదో చూసి వేసిన అంకెలవి. తర్వాత నేల మీదా ఆ కొలత వాడుకలోకొచ్చింది. ఆరో అంకెకి గొడుగు పట్టుకోవడం కష్టం. ఏడుకి చెట్లకి చెట్లే ఊగుతాయి. ఎనిమిదికి రెమ్మలు విరుగుతాయి, ఎదురు నడవాలంటే అడుగు పడదు. ఇందులో భీకరం ఎక్కడైనా ఉందా? నీ టోపీ తాడు గొంతుకి ఒరుసుకుందని ఓ మూల రాశావు చూడు, అది ఆ ఏడు మాటల పెట్టు. (బొబ్బల గురించి అంత అక్కర్లేదు, నడిచిన ప్రతివాడూ రాసేదే.)

అసలు లోటు వేరే. మీ డ్రైవరు వ్యాసం మొత్తంలో మూడుచోట్ల కనిపించాడు, మూడుచోట్లా తలుపు తీశాడు. అంతే. బండి ముందే వెళ్ళి పదహారు కిలోమీటర్ల అవతల నీ కోసం ఆగితే నీకది నాలుగు గంటల నడక, ఆయనకి అరగంట కూడా కాదు. మిగతా మూడున్నర గంటలు? నడిచేవాడికి కాళ్ళకి పనుంటుంది, టెన్షనంతా కూర్చున్నవాడిది. వాగు పొంగితే దాటాలా, చుట్టూ తిరిగి రావాలా తేల్చుకోవాల్సిందీ ఆయనే. అడుగు లోతు నీళ్ళు ఉరవడిగా పారితే చిన్న కారు తేలిపోతుంది.

నా మొదటి వ్యాసంలో నేనూ ఇదే చేశాను. ఓ సాయంత్రం ఉరుముల్లో గంటన్నర ఆలస్యమైంది, ఫోన్లోకి నీళ్ళు పోయాయి. అనుకున్న మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే బండి లైట్లు ఎదురొచ్చాయి. డ్రైవరన్న నన్ను ఎక్కించుకుని, బూట్లు లాగి, పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కాడు. అవి తడిస్తే తీసి మళ్ళీ పొడివి. నేను వణుకుతూ ఎదురుగా ఉన్న పెట్రోలు బిల్లు చూశాను. వెనక పెన్సిలుతో అంకెలు: 24, 18, 15, 9, 6. ఏంటివి అన్నాను. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లట. ఉరుము కిలోమీటరు దాటి రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. అంటే ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఉన్న పిడుగు రెండుకి వచ్చేసింది. ఆరు రాసి, నా కోసం బండి వెనక్కి తిప్పాడు. చుట్టూ ఇనుప రేకున్న ఆ బండి తప్ప ఆ దారిలో తలదాచుకునే చోటు లేదు. (కాపాడేది ఆ రేకే. చాలామంది టైర్ల రబ్బరు అనుకుంటారు.)

ఆ బిల్లు సంగతి నా వ్యాసంలో లేదు. నా మోకాలి నొప్పి మాత్రం ఒక పేజీ ఉంది.

తిరగరాసే ముందు మీ డ్రైవరుకి ఒకసారి ఫోన్ చెయ్యి. ఎక్కడ ఆపాడు, ఇంజిను ఆన్‌లో ఉంచాడా, ఎప్పుడు భయం వేసింది, అడుగు. "ఏముంది, కూర్చున్నాను" అంటాడు. అన్నాక కూడా కాసేపు ఫోన్ పెట్టెయ్యకు.

ఉంటాను,
మీ అన్నయ్య