పాత ఛార్జరు, కొత్త లిథియం ప్యాకు

ప్రశ్న: ఈ-రిక్షాలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసి 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాకు పెట్టించాను. పాత ఛార్జరే వాడొచ్చా? డాబా మీది 2 కిలోవాట్ల సోలార్ సరిపోతుందా?

జవాబు: పాత ఛార్జరు వద్దండీ. మీ ప్యాకులో ఒకదాని వెనక ఒకటిగా కలిపిన 16 సెల్స్ ఉంటాయి; ఛార్జింగ్‌లో ఒక్కోటి 3.65 వోల్టులు, మొత్తం 58.4 దాటకూడదు. లెడ్ యాసిడ్ ఛార్జర్లు కొన్ని ఈక్వలైజింగ్ (సెల్స్‌ని సమం చేసే అదనపు ఛార్జింగ్) పేరుతో 60 దాకా తోస్తాయి. అప్పుడు ముందుగా నిండిన సెల్ దగ్గరే బీఎంఎస్ (ప్యాకును కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ కట్ చేస్తుంది, మిగతావి వెలితిగానే ఉంటాయి. మైలేజీ తగ్గేది అక్కడే. 58.4 వోల్టులు, 20 ఆంపియర్ల ఎల్ఎఫ్‌పీ ఛార్జరు కొనండి. వారానికోసారి పూర్తిగా నింపండి. చాలా బీఎంఎస్‌లు చివర్లోనే సెల్స్‌ని సమం చేస్తాయి.

ప్యాకు నిండడానికి నష్టాలతో కలిపి సుమారు 6 యూనిట్లు. 2 కిలోవాట్లకు రోజుకు సగటున 8 వస్తాయి, సరిపోతుంది. ముసురు రోజుల్లో మాత్రం గ్రిడ్డే దిక్కు. మీది ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ ఇన్వర్టరైతే కరెంటు పోగానే ఎండ ఉన్నా ఆగిపోతుంది: మీ సోలార్ కరెంటు లైన్లోకి పోకుండా లైన్‌మన్ ప్రాణానికి రక్షణ అది, దయచేసి దాన్ని తప్పించే ప్రయత్నం చేయకండి.

వేసవిలో బండి ఆపగానే ప్లగ్ పెట్టొద్దు. నీడలో అరగంట చల్లారనివ్వండి.