అమ్మలూ, ఫారం తర్వాత, ముందు బ్రిడ్జి దాటి రా

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. అవతలి ఒడ్డు ఊరితో కలిసి ఇంటర్‌రెగ్ గ్రాంట్‌కి, అదే సరిహద్దు ఊళ్ళు కలిసి పనిచెయ్యడానికి యూరోపియన్ యూనియన్ ఇచ్చే డబ్బుకి, అప్లై చేద్దాం, ఆ పని నువ్వే చూడాలి అని మేయర్ గారు అన్నారని, అప్లికేషన్ల గడువు ముగియడానికి పది వారాలే ఉందని, ఫారం తెరిస్తే భయమేసి మూసేశానని చెప్పావు. మూసేసి మంచి పని చేశావు. రైన్ ఒడ్డున మా చిన్న ఊరి మున్సిపాలిటీలో ఇరవై రెండేళ్ళు నేను చేసింది ఇదే పని కదా, ఇటు జర్మనీ అటు ఫ్రాన్సు. నీకు ఓడర్ నది, అవతల పోలండ్. నది వేరు, భాష వేరు, కానీ పని పద్ధతి ఒకటే. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా, ఓపిగ్గా చదువుకో.

ముందు అవతలి ఊరికి వెళ్ళు. మెయిల్ పెట్టి ఊరుకోకు, నువ్వే వెళ్ళు. వెళ్ళి అక్కడ నీలాంటి పనే చేసే మనిషి ఎవరో కనుక్కో, మేయర్ని కాదు, ఫైలు చేతిలో ఉండే మనిషిని. కాఫీ తాగుతూ ఒకటే అడుగు, "మీకు ఈ ఊళ్ళో ఏ పని మా సాయం లేకపోతే అవ్వట్లేదు?" అని. నీ ఐడియా చెప్పకు, వాళ్ళది విను. నేను మొదటిసారి రివర్స్‌లో చేశాను, మా ఐడియా మొత్తం రాసుకుని వెళ్ళి సంతకం పెట్టమన్నాను, పాపం మర్యాదకి పెట్టారు, రెండేళ్ళు ప్రాజెక్ట్ నడిచింది కానీ వాళ్ళ మనసు అందులో లేదు, చివరికి పనంతా మా వైపే మిగిలింది.

ఈ డబ్బు అసలు ఎందుకు పెట్టారో తెలిస్తే ఫారంలో ప్రశ్నలు సగం వాటంతటవే అర్థమవుతాయి. సరిహద్దు ఊళ్ళంటే ఎప్పుడూ దేశానికి చివర, రాజధానికి దూరం, రైలు లైను అక్కడితో ఆగిపోతుంది, ఆసుపత్రి నలభై కిలోమీటర్లు వెనక్కి ఉంటుంది, కానీ నది దాటితే ఐదు కిలోమీటర్లలో ఇంకోటి ఉంటుంది, అది వేరే దేశానిది. డచ్-జర్మన్ సరిహద్దులో గ్రోనావ్ దగ్గర ఊళ్ళు 1958లోనే కలిసి యూరెజియో అనే సరిహద్దు సంఘం పెట్టుకున్నాయి, అప్పటికి యుద్ధం అయ్యి పదమూడేళ్ళే. బ్రసెల్స్, అంటే యూరోపియన్ యూనియన్, ఇంటర్‌రెగ్ పేరుతో డబ్బు పెట్టడం మొదలుపెట్టింది 1990లో. అంటే ఊళ్ళు ముందు కలిశాయి, డబ్బు ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చింది. ఇప్పుడు నడిచేది ఆరో విడత, 2021-2027. నీ అప్లికేషన్ చదివే వాళ్ళు కూడా ఆ వరసే వెతుకుతారు, ఈ రెండు ఊళ్ళు నిజంగా కలిశాయా లేక డబ్బు కోసం ఇప్పుడే పరిచయమయ్యాయా అని.

ఇది మనకి కొత్త సంగతేం కాదు అమ్మలూ. మన ఇచ్ఛాపురంలో ఒంట్లో బాలేకపోతే శ్రీకాకుళం ఎవరు వెళ్తారు, బరంపురం వెళ్తాం, ఒడిశా అయితే ఏంటి, గంటలో పెద్దాసుపత్రి. మీ అమ్మమ్మని నేను బస్సులో తీసుకెళ్ళింది అక్కడికే. పిరనీస్ కొండల్లో సెర్దాన్యా అనే చోట ఇదే కథ. ఫ్రాన్సు వైపు జనం పెద్ద వైద్యానికి కొండ దిగి పెర్పిన్యాఁ దాకా పోవాల్సి వచ్చేది, చలికాలం మంచులో ఆ దారి ఎలా ఉంటుందో ఊహించుకో. అందుకని స్పెయిన్ వైపు పుయిజ్‌సెర్దాలో రెండు దేశాలకీ కలిపి ఒకే ఆసుపత్రి కట్టారు, 2014లో తెరిచారు, ఖర్చులో పెద్ద భాగం యూరోపియన్ నిధులే. బిల్డింగ్ కట్టడం తేలికైన పని అక్కడ. ఫ్రాన్సు తల్లికి స్పెయిన్ గడ్డ మీద బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం ఎవరివ్వాలి, ఫ్రెంచ్ ఇన్సూరెన్సు ఆ బిల్లు ఎలా కడుతుంది, ఇలాంటివి తేల్చడానికే ఏళ్ళు పట్టాయి. నీ ప్రాజెక్ట్‌లో కూడా సిమెంటు కంటే ఇలాంటివే ఎక్కువ టైమ్ తింటాయి, బడ్జెట్లో వాటికి పనిదినాలు పెట్టు.

మీ పక్కనే ఓడర్‌కి ఇటు ఉన్న ఫ్రాంక్‌ఫుర్ట్, అటు పోలండ్‌లో ఉన్న స్వుబిత్సే ఊళ్ళు చూడు. వాటి మధ్య వంతెన మీద ట్రామ్ వెయ్యాలని అనుకున్నారు, 2006లో ఫ్రాంక్‌ఫుర్ట్ జనాన్ని అడిగితే వద్దన్నారు. తర్వాత 2012 డిసెంబర్లో 983 నంబర్ బస్సు మొదలుపెట్టారు, చిన్న బస్సు లైను, అది నిలబడింది. మా వైపు స్ట్రాస్‌బుర్గ్ ట్రామ్ రైన్ దాటి కేల్ దాకా 2017లో వచ్చింది, నేను ఆ మొదటి వారంలోనే ఎక్కాను, టికెట్ చేతిలో పట్టుకుని నది మధ్యలో ఏడుపొచ్చింది నాకు, ఎందుకంటే అదే నది దాటడానికి నేను వచ్చిన కొత్తలో ఎన్ని కాగితాలు పట్టుకుని తిరిగానో నాకు తెలుసు. ఎవరి ఊరికి ఏది సరిపోతుందో ఆ ఊరి జనాన్నే అడగాలి, ఇంకోచోట బాగుందని తెచ్చి పెట్టుకోకూడదు.

సరే ఇప్పుడు రూల్స్. నీ పార్ట్‌నర్‌తో కలిసి ప్రాజెక్ట్ తయారు చెయ్యాలి, కలిసే అమలు చెయ్యాలి, ఈ రెండూ తప్పనిసరి. వీటితో పాటు స్టాఫ్ కలిసి పెట్టుకోవడమో డబ్బు కలిసి పెట్టుకోవడమో ఒక్కటైనా ఉండాలి, రెండూ ఉంటే ఇంకా మంచిది. ఇది చదివి చాలామంది చేసే తప్పేంటంటే, మేం మా వైపు ఒక పార్కు వాళ్ళు వాళ్ళ వైపు ఒక పార్కు, రెండూ కలిపి ఒక ప్రాజెక్ట్ అంటారు. అది రెండు పార్కులు, ఒక స్టేపుల్ పిన్ను. చదివేవాళ్ళు మొదటి పేజీలోనే పట్టేస్తారు. అవతలి వాళ్ళని తీసేస్తే మన పని ఆగిపోతుందా అని నిన్ను నువ్వు అడుగు, ఆగకపోతే అది మీ రాష్ట్ర నిధులతో చేసుకోవాల్సిన పని, దీనికి తేకు.

మీలో ఒకరు లీడ్ పార్ట్‌నర్ అవుతారు. గ్రాంట్ కాంట్రాక్ట్ మీద సంతకం వాళ్ళదే, డబ్బు వాళ్ళ ఖాతాకే వస్తుంది, మిగతావాళ్ళకి వాళ్ళే పంచుతారు. అవతలివాళ్ళ బిల్లులో తప్పు దొరికి డబ్బు వెనక్కి కట్టాల్సొస్తే దాన్ని వాళ్ళ దగ్గర వసూలు చేసి ఇవ్వాల్సింది కూడా లీడే. కాబట్టి మేయర్ గారు గొప్పగా మనమే లీడ్ అంటే వెంటనే తలూపకు, ముందు మీ అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని మాట్లాడు. పార్ట్‌నర్‌షిప్ అగ్రిమెంట్‌లో ఎవరు ఎప్పటికి ఏ కాగితం ఇవ్వాలో తేదీలతో సహా రాయించు, స్నేహం బాగున్నప్పుడే రాయించు.

డబ్బు గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే చిన్న ఊళ్ళు దెబ్బతినేది ఇక్కడే. నీ ఖర్చులో మామూలుగా 80 శాతం వరకే యూరప్ ఇస్తుంది, చాలా చోట్ల ఇంకా తక్కువ, మిగతాది ఊరే తేవాలి. అందరూ ఆ 20 శాతం దగ్గరే ఆగిపోయి లెక్క అయిపోయిందనుకుంటారు. కాదు. ఈ డబ్బు ముందు రాదు, నువ్వు ఖర్చు పెట్టి, బిల్లు కట్టి, రిపోర్ట్ రాసి, కంట్రోలర్, అంటే ఖర్చులు తనిఖీ చేసే మనిషి, ఒక్కో కాగితం చూసి సరే అన్నాక వస్తుంది. ఉదాహరణకి మీ వాటా 3,00,000 యూరోల ప్రాజెక్ట్ అనుకో, ఊరు పెట్టాల్సింది 60,000 అని కౌన్సిల్‌లో చెప్తారు. కానీ మొదటి ఆరు నెలల్లో 90,000 ఖర్చయితే ఆ 90,000 మీ ఖజానా నుంచే వెళ్ళాలి, రిపోర్టుకి మూడు నెలలు, కంట్రోలర్‌కి కొన్ని నెలలు, ఈలోపు రెండో ఆరు నెలల ఖర్చు కూడా మొదలవుతుంది. ఆ మధ్యకాలం మీ ఊరు తట్టుకోగలదా అన్నది కాగితం మీద నెల నెలకీ గీసి చూపించు కౌన్సిల్‌కి. అవతలి ఊరి లెక్క కూడా అడుగు, సిగ్గుపడకు, వాళ్ళకి మీకంటే చిన్న బడ్జెట్ ఉంటే మధ్యలో ఆగిపోయేది వాళ్ళే.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. నదికి రెండు వైపులా కట్టల మీద నడక దారి, దాని పక్కన వరదల చరిత్ర చెప్పే బోర్డులు, రెండు భాషల్లో, అదీ మా రెండో ప్రాజెక్ట్. అప్రూవల్ వచ్చేస్తుందని అందరూ అన్నారు, ఎండాకాలం లోపు బోర్డులు నిలబెట్టాలని మా వైపు ప్రింటింగ్ ఆర్డర్ ముందే ఇచ్చేశాం. బిల్లు మీద తేదీ, ఖర్చులు లెక్కలోకొచ్చే తేదీ కంటే పంతొమ్మిది రోజులు ముందుంది. పంతొమ్మిది రోజులు. బోర్డులు నిలబడ్డాయి, బాగున్నాయి, జనం ఆగి చదువుతున్నారు, ఆ బిల్లు మొత్తం మాత్రం కొట్టేశారు. కౌన్సిల్ మీటింగ్‌లో లేచి ఆ మాట చెప్పాల్సింది నేనే, చెప్పాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు. నువ్వు గోడ మీద పెద్దక్షరాలతో ఆ తేదీ అంటించుకో, దానికి ముందు ఆర్డర్ గానీ సంతకం గానీ ఏదీ వద్దు, ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

జీతాల దగ్గర మాత్రం ఇప్పుడు సుఖం. మా రోజుల్లో ఫోటోకాపీ కాగితం కట్ట బిల్లు కూడా పెట్టేవాళ్ళం. ఇప్పుడు స్టాఫ్ ఖర్చు చూపిస్తే ఆఫీసు ఖర్చుల కింద దాని మీద 15 శాతం దాకా బిల్లుల్లేకుండానే లెక్క కడతారు. ఇంకో పద్ధతిలో స్టాఫ్ ఖర్చు మీద 40 శాతం దాకా మిగతా ఖర్చులన్నిటికీ కలిపి తీసుకోవచ్చు. అంటే స్టాఫ్ 1,00,000 అయితే ఇంకో 40,000కి బిల్లు చూపక్కర్లేదు. మీ సరిహద్దు ఇంటర్‌రెగ్ ప్రోగ్రాంలో ఏది ఒప్పుకుంటారో మాన్యువల్‌లో చూడు, మనుషుల పనే ఎక్కువైన ప్రాజెక్ట్‌కి ఇది వరం, కట్టడాలున్న దానికి సరిపోదు.

కొనేటప్పుడు చిన్న మొత్తమైనా రెండు మూడు కొటేషన్లు తీసుకుని, ఎందుకు ఇతన్నే ఎంచుకున్నామో నాలుగు లైన్లు రాసి ఫైల్లో పెట్టు. కంట్రోలర్ నిన్ను అనుమానించి అడగడు, కాగితం లేకపోతే అతను సంతకం పెట్టలేడు అంతే. యూరప్ జెండా, ప్రోగ్రాం లోగో ప్రతి పోస్టర్ మీదా వెయ్యి, వెయ్యకపోతే గ్రాంట్‌లో 2 శాతం దాకా కోసే అధికారం వాళ్ళకుంది. ఇది ఐదు నిమిషాల పని.

ఒకే మాటకి నదికి అటూ ఇటూ వేరే అర్థం ఉంటుందని మర్చిపోకు. రైన్ మీద లౌఫెన్‌బుర్గ్‌లో జర్మనీ స్విట్జర్లాండ్ కలిసి వంతెన కట్టారు, రెండు దేశాలూ సముద్ర మట్టం లెక్కించే పద్ధతుల్లో 27 సెంటీమీటర్లు తేడా ఉందని ఇంజినీర్లకి ముందే తెలుసు, కానీ సరిచేసేటప్పుడు కూడాల్సింది తీసేశారు, 2003లో చూసుకుంటే రెండు వైపులకీ 54 సెంటీమీటర్ల తేడా. తెలిసి కూడా తప్పు జరిగింది చూడు. మీకు సముద్ర మట్టం అక్కర్లేదు గానీ "స్టాఫ్ ఖర్చు" అంటే వాళ్ళకేంటి, వ్యాట్ వాళ్ళు వెనక్కి తీసుకోగలరా, వాళ్ళ కౌన్సిల్ ఓటు ఏ నెలలో, ఇవి ఒక టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చదువుకోండి. పోలండ్‌లో మే 1, మే 3 రెండూ సెలవలు, జూన్ ప్రాంతంలో కార్పస్ క్రిస్టీ సెలవ, బ్రాండెన్‌బుర్గ్‌లో అది లేదు. వాళ్ళ చలికాలం స్కూల్ సెలవలు కూడా చాలాసార్లు మీతో కలవవు. నువ్వు స్కూల్ పిల్లల కార్యక్రమం ఆ రోజు పెట్టుకుంటే అవతలి పిల్లలు రారు. ఒక గోడ క్యాలెండర్ కొని రెండు దేశాల సెలవలూ రెండు రంగుల్లో గుర్తుపెట్టు, అదే నీకు రెండేళ్ళు దారి చూపిస్తుంది.

ఇంకో సంగతి, నిజం చెప్పనా, నీ మొదటి ప్రాజెక్ట్ ఇంత పెద్దది కాకపోతే బాగుండు. మీ దగ్గర చిన్న ప్రాజెక్టుల ఫండ్ యూరోరీజియన్ల చేతిలో, అంటే సరిహద్దుకి రెండు వైపులా ఊళ్ళు కలిసి పెట్టుకున్న సంఘాల చేతిలో ఉంటుంది, మీకు ప్రో యూరోపా వియాద్రినా, 1993 నుంచి ఉంది, వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి మాట్లాడు. రెండు ఊళ్ళ ఫైర్ సర్వీస్ వాళ్ళు కలిసి ఒక డ్రిల్, రెండు కాయిర్‌లు కలిసి పాడటం, స్కూల్ పిల్లలు నది మీద ఒక రోజు, అలాంటిది ఒకటి చేసి చూడండి. ఒక ఏడాదిలో మీ పార్ట్‌నర్ ఫోన్ ఎత్తుతాడా లేదా, బిల్లులు టైముకి ఇస్తాడా అన్నీ తెలిసిపోతాయి. మేయర్ గారికి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పు, నా పేరు చెప్పి చెప్పు. కాదు పెద్దదే అంటే మీ ప్రోగ్రాం నడిపే ఆఫీసు, జాయింట్ సెక్రటేరియట్‌కి ఫోన్ చేసి ఐడియా రెండు పేజీలు రాసి చూపించు, సలహా ఇవ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం, అడిగినవాళ్ళని చిన్నచూపు చూడరు. కీప్ డాట్ ఈయూ అని ఒక డేటాబేస్ ఉంది, మీ ఒడ్డున ఇంతకుముందు ఎవరు ఏం చేశారో అందులో వెతుకు, ఉన్నదాన్నే మళ్ళీ కొత్తగా అని రాసేస్తే అక్కడే పోతావు.

2020 మార్చిలో సరిహద్దులు మూసేసినప్పుడు మా ప్రాజెక్ట్ కాగితం మీద మొత్తం ఆగిపోయింది. కానీ అవతలావిడ, మొక్కల సెక్షన్ చూసేది, రోజూ సాయంత్రం ఆరింటికి వాళ్ళ కట్ట మీదకి వచ్చేది, నేను మా కట్ట మీదకి వెళ్ళేదాన్ని, మా మధ్యలో నది, ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం, ఒకళ్ళకొకళ్ళం చెయ్యి ఊపుతూ. ఆ బడ్జెట్ సవరణ అంతా అలాగే రాశాం. మీ దగ్గర జూన్‌లో బ్రిడ్జి తెరిచినరోజు ఫ్రాంక్‌ఫుర్ట్, స్వుబిత్సే మేయర్లిద్దరూ దాని మీద కౌగిలించుకున్నారు కదా, ఆ ఫోటో నేను ఇప్పటికీ దాచుకున్నాను. తర్వాత 2023 అక్టోబర్‌లో జర్మనీ, 2025 జూలైలో పోలండ్ సరిహద్దులో మళ్ళీ చెకింగులు పెట్టాయి, అందుకని మీటింగ్ పదింటికి అయితే నువ్వు తొమ్మిదికే బయల్దేరు, ఆలస్యంగా వెళ్ళి వాళ్ళని కూర్చోబెట్టకు.

పోలిష్ నేర్చుకోవడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది, ఆపకు. తప్పులతో మాట్లాడినా పర్లేదు, మొదటి మీటింగ్‌లో పలకరింపు, థాంక్స్, మీ ఊరు బాగుంది, ఈ మూడూ వాళ్ళ భాషలో చెప్పు, మిగతాది జర్మన్‌లోనో ఇంగ్లీష్‌లోనో కానీ.

మంగళవారం లోపు వంతెన దాటి వెళ్ళి వచ్చి నాకు ఫోన్ చెయ్యి, వాళ్ళు ఏం కావాలన్నారో వాళ్ళ మాటల్లోనే రాసి పంపు. నెలవారీ డబ్బు లెక్క నేను ఆదివారం నీతో కూర్చుని చేస్తాను, వీడియో కాల్‌లో, ఎక్సెల్ తెరిచిపెట్టుకో. రెండు గంటలు పడుతుంది, తిని కూర్చో.

మీ పెద్దమ్మ